అప్పగింత కేసులో జామీను: కోర్టు తేల్చేదాకా లోపలేనా?

పర్లాకిమిడిలో ఒక కుర్రాణ్ణి ఢిల్లీ నుంచి వచ్చిన పోలీసులు తీసుకెళ్ళారన్న కబురు రాయగడ దాకా పాకింది. పాకుతూ పాకుతూ ఒక ఊళ్ళో అది హత్య కేసయింది, ఇంకో ఊళ్ళో బాంబుల కేసయింది. అసలది లెక్కల పుస్తకాల కేసు, వేరే దేశం అడిగితే మనిషిని ఆ దేశానికి పంపించే వ్యవహారం, దాన్నే అప్పగింత అంటారు. ఆ ఇంటి నుంచే ఉత్తరం వచ్చింది, దాని వెనకే మరికొన్ని వచ్చాయి, అందుకని ఈసారి భూమి తగాదాలు, భాగాల పంపకాలు పక్కన పెట్టేస్తున్నాను. ఆ ఉత్తరాలు రాసినవాళ్ళు కోప్పడకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: మా తమ్ముడు విదేశంలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవాడు. నాన్నకు పక్షవాతం వస్తే ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేశాడు. వచ్చిన పది నెలలకు, డబ్బు తినేశాడని ఆ కంపెనీ అక్కడ కేసు పెట్టిందట, ఆ దేశం మన ప్రభుత్వాన్ని అడిగిందట. ఇప్పుడు తీహార్‌లో ఐదో నెల. పంపించవచ్చని మేజిస్ట్రేటు గారు మొన్ననే రాసేశారు. మేం ఢిల్లీ హైకోర్టుకి వెళ్దామనుకుంటున్నాం. అక్కడ మాట్లాడిన వకీలు మాత్రం ‘అప్పగింత కేసుల్లో బెయిలు అనేదే ఉండదు, హైకోర్టు తేల్చేదాకా లోపలే’ అంటున్నారు. నిజమేనా? అమ్మ అన్నం మానేసింది.
ఒక అక్క, పర్లాకిమిడి

జవాబు: చెల్లెమ్మా, ముందు అమ్మగారి చేత నాలుగు ముద్దలు తినిపించండి. ఇది ఒక్క వాయిదాలో తేలే కేసు కాదు, మీ అందరికీ ఓపిక కావాలి.

బెయిలు కష్టం అని ఆ వకీలు అనుంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి. ఉండదు అనడం మాత్రం చట్టం పుస్తకం తెరవకుండా అన్న మాట. నేరస్థుల అప్పగింత చట్టం మనకు 1962లో వచ్చింది. అందులో 25వ సెక్షన్ ఒక్క పేరా, అంతే. ఇలా అరెస్టయిన మనిషి ఆ నేరాన్ని మన దేశంలోనే చేశాడని ఆరోపణ వచ్చి ఉంటే బెయిలుకి ఏ నిబంధనలు వర్తించేవో ఇక్కడా అవే వర్తిస్తాయని, అతన్ని హాజరుపరిచిన మేజిస్ట్రేటుకి బెయిలు వరకూ సెషన్స్ కోర్టుకున్న అధికారాలే ఉంటాయని దాని సారాంశం. మీ తమ్ముడు ఇదే డబ్బు బరంపురంలో ఒక దుకాణంలో తినేశాడని కేసు పెడితే బెయిలు అడగడానికి ఎంత హక్కు ఉండేదో ఇప్పుడూ అంతే ఉంది. ఆ సెక్షన్‌లో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పేరు కనిపిస్తుంది, కంగారుపడకండి, 2024 జూలై 1 నుంచి దాని బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అని చదువుకోవాలి.

ఇంకో మాట. అప్పగింత విషయంలో ముందస్తు బెయిలు కూడా అడగవచ్చని 2022లో ఢిల్లీ హైకోర్టే చెప్పింది. అరెస్టు కాకముందే అడిగే వీలున్నప్పుడు అరెస్టయ్యాక నోరెత్తకూడదనడం ఎలా కుదురుతుంది? ఈ ముక్క మీ వకీలు ముందు పెట్టి చూడండి.

ఇప్పుడు మీ తమ్ముడి కేసు ఎక్కడుందో చెప్తాను, ఎందుకంటే మీ ఉత్తరం చదివితే అతనికి శిక్ష పడిపోయిందని మీ ఇంట్లో అనుకుంటున్నట్టుంది. లేదు. మేజిస్ట్రేటు చేసింది విచారణే కానీ నేరం చేశాడా లేదా అని తేల్చే విచారణ కాదు, సాక్షుల్ని పిలిచి నిజమెవరిదో అబద్ధమెవరిదో తూకం వేసేది కాదు. అవతలి దేశం పంపిన కాగితాల్లో పైకి చూడగానే కేసు కనిపిస్తోందా, ఆ నేరం అప్పగింతకు తగినదేనా, రాజకీయ కక్షతో పెట్టిందా అన్నంతవరకే చూస్తారు. సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో ఒక కేసులో ఈ తేడాను విడమరచి చెప్పింది. కేసు కనిపించకపోతే అక్కడే వదిలేయాలి. కనిపిస్తే, కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు వచ్చేదాకా జైలుకు పంపాలి. మీ తమ్ముడు ఇప్పుడు ఆ దశలో ఉన్నాడు. అతని మీద దొంగ అన్న ముద్ర ఏ కోర్టూ వేయలేదు, కాకపోతే ఈ చట్టమే అతన్ని పరారీ నేరస్థుడు అంటుంది, ఆ పేరు చూస్తే నాకు ఎప్పుడూ ఒళ్ళు మండుతుంది. సొంత పాస్‌పోర్టు మీద టికెట్ కొనుక్కుని నాన్నకు సేవ చేయడానికి ఇంటికొచ్చినవాడు పరారీ ఏమిటి, నేరస్థుడు ఏమిటి!

తేదీలు గోడ మీద రాసి పెట్టుకోండి. మేజిస్ట్రేటు జైలుకు పంపిన రోజు నుంచి 15 రోజులు గడిచేదాకా మనిషిని దేశం దాటించకూడదు. హైకోర్టుకి పరుగెత్తే గడువు ఇదే, ఇందులో నాలుగైదు రోజులు మీకు ఇప్పటికే పోయాయేమో చూసుకోండి. ఈ చట్టంలో విడిగా అప్పీలు లేదు కాబట్టి రిట్, అంటే నేరుగా హైకోర్టులోనే వేసే పిటిషను, వేయాలి. ఆ రిట్‌తో పాటే, అది తేలేదాకా బెయిలు ఇవ్వమని దరఖాస్తు కూడా పెట్టించండి, తర్వాత చూద్దాం అంటే వినకండి. రెండో గడువు 2 నెలలు. జైలుకు పంపిన 2 నెలల్లోపు దేశం దాటించకపోతే వదిలేయమని హైకోర్టును అడగవచ్చు, అది 24వ సెక్షన్. మనవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. స్టే తెచ్చుకున్నది మనమే అయితే ఆ ఆలస్యాన్నే ప్రభుత్వం తగిన కారణంగా చూపిస్తుంది, అందుకని 24 మీద ఆశ పెట్టుకుని 25ని వదిలేయకండి.

మూడోది కాగితం. మీ తమ్ముడు చెప్పుకోదలచినది రాతపూర్వకంగా ఇస్తే మేజిస్ట్రేటు తన నివేదికతో పాటు దాన్ని కేంద్రానికి పంపాలి. అది ఇచ్చారా లేదా కనుక్కోండి. విషయం చాలా చిన్నదనో, దురుద్దేశంతో అడుగుతున్నారనో, అప్పగించడం అన్యాయమనో అనిపిస్తే కేంద్రమే ఏ దశలోనైనా కేసు ఆపి మనిషిని వదిలేయవచ్చు, 29వ సెక్షన్ అందుకే ఉంది.

ఇక బెయిలు వాదన. మామూలు కేసుల్లో మూడు చూస్తారు, పారిపోతాడా, సాక్ష్యాలు చెరుపుతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా అని. మీ కేసులో సాక్షులూ కాగితాలూ అన్నీ సముద్రం అవతలే ఉన్నాయి, కాబట్టి మిగిలేది మొదటి ప్రశ్న ఒక్కటే. ప్రభుత్వ వకీలు తప్పకుండా ఒక మాట అంటాడు: ఒక దేశం నుంచి వచ్చేసినవాడు ఇంకో దేశం పోలేడా, పోతే మనం ఒప్పందం చేసుకున్న దేశం ముందు మన మొహం ఎలా చూపించాలి అని. దానికి మీ జవాబు మాటల్లో ఉండకూడదు, కాగితాల్లో ఉండాలి. అతను దిగిన రోజు పాస్‌పోర్టు మీద పడిన స్టాంపు ఒకవైపు, అక్కడ ఫిర్యాదు నమోదైన తేదీ ఇంకోవైపు పెట్టించండి. మధ్యలో 10 నెలలు ఉన్నాయంటున్నారు, బంగారం లాంటి సంగతి అది. ఆ 10 నెలల్లో ఇక్కడ నాన్నగారిని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళిన రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, రేషన్ కార్డు, మున్సిపాలిటీ పన్ను రసీదు, ఏదైనా సరే, దాక్కోలేదని చెప్పే ప్రతి చీటీ ఏరండి. పోలీసులు వచ్చిన రోజు ఎక్కడ దొరికాడో కూడా రాయించండి. మీ ఉత్తరం చివర్లో, వాకిట్లో సైకిల్‌కి పంపు కొడుతుంటే వచ్చారని రాశారు కదా, సరిగ్గా ఆ వాక్యం అఫిడవిట్‌లో ఉండాలి.

జామీనుదార్ల దగ్గర మాత్రం జాగ్రత్త. చాలా ఏళ్ళ కిందట ఉత్తరాదిలో ఒక కోర్టుకి మన గంజాం వైపు మేనమామ ఒకాయన్ని జామీనుకి తీసుకెళ్ళాను. పట్టా ఒడియాలో ఉంది. గుమస్తా దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, తలకిందులుగా కూడా పట్టుకున్నాడు, ఇది ఏ భాష అన్నాడు. తర్జుమా చేయించి నోటరీ వేయించాం. అప్పుడు, భూమి ఈ జిల్లాలో లేదు కదా అన్నారు. తర్వాత మా ఠాణాకి వెరిఫికేషన్ పంపారు, అది తిరిగి రావడానికి 19 రోజులు పట్టింది, బెయిలు ఆర్డరు చేతిలో ఉండగానే ఆ కుర్రాడు 19 రోజులు ఎక్కువ లోపలున్నాడు. మేనమామగారు ఆ ఊళ్ళో ధర్మశాలలో పడుకుని రోజూ రొట్టెలు తినలేక, నాలుగు మెతుకులు ఎక్కడ దొరుకుతాయిరా అని నన్ను తిట్టేవాడు. ఆ రోజు నా సంచిలో మోతీరామ్ తీర్పు లేకపోవడం నా తప్పే. 1978లో ఒక మేస్త్రీకి బెయిలిచ్చి, తమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కింది కోర్టు జామీను తిప్పికొడితే, జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా మందలించారు. ఒక మలయాళీనో తెలుగువాడో చాందినీ చౌక్‌లో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుని ఎక్కడ తెస్తాడని ఆయన అడిగింది మన గురించే. మీరు మాత్రం పట్టా, ఆర్వోఆర్ (భూమి హక్కుల రికార్డు), తహసీల్దారు ఇచ్చే విలువ ధ్రువపత్రం ఇప్పుడే ఇంగ్లీషులోకి మార్పించి, నోటరీ చేయించి పెట్టుకోండి. ఆర్డరు వచ్చాక మొదలుపెడితే ఆలస్యం అవుతుంది.

షరతులు గట్టిగానే ఉంటాయి. పాస్‌పోర్టు కోర్టులో పెట్టాలి, దేశం దాటకుండా విమానాశ్రయాల్లో ఆపే లుకౌట్ నోటీసు ఉంటుంది, వారానికోసారి ఠాణాలో సంతకం అంటారు, బహుశా ఢిల్లీ దాటవద్దంటారు. అలా అంటే మీకు అక్కడ గది అద్దె ఖర్చు తప్పదు, కాబట్టి సంతకం పర్లాకిమిడి ఠాణాలో పెట్టనివ్వమని ముందే అడిగి చూడండి. నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో తన చోటును ఎప్పుడూ పోలీసులకు కనిపించేలా పెట్టాలన్న షరతు చెల్లదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది, అలాంటిది పెడితే మీ వకీలు నోరు విప్పాలి. ఫీజు ఇచ్చుకోలేకపోతే మొహమాటపడకండి. కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు, 15100కి ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: మాల్యాకి ఒక్క పూటలో బెయిలు. నీరవ్ మోదీ ఏళ్ళ తరబడి జైల్లో. ఇద్దరిదీ లండనే, ఇద్దర్నీ అడిగింది మన దేశమే. పెద్దవాళ్ళలో కూడా పెద్ద చిన్న ఉంటాయా?
డిగ్రీ విద్యార్థి, రాయగడ

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగింది పరీక్షలో వచ్చే ప్రశ్న కంటే మంచి ప్రశ్న. మాల్యాని 2017 ఏప్రిల్ 18న అరెస్టు చేశారు, 6,50,000 పౌండ్ల పూచీ మీద ఆ రోజే ఇంటికెళ్ళాడు. నీరవ్ మోదీని 2019 మార్చిలో అరెస్టు చేశారు, బ్యాంకు ఖాతా తెరవడానికి వెళ్ళి దొరికిపోయాడు. 40 లక్షల పౌండ్లు కడతాను, ఇల్లు కదలను, కాపలా పెట్టుకోండి అన్నా కోర్టు బెయిలివ్వలేదు. చిత్రం ఏమిటంటే మాల్యాని అప్పగించవచ్చని 2018 డిసెంబరులో తీర్పిచ్చిన న్యాయమూర్తే నీరవ్‌కి బెయిలు వద్దన్నారు, కాబట్టి మనిషిని బట్టి న్యాయం అనడానికి లేదు.

తేడా వాళ్ళ నడవడిలో ఉంది. నీరవ్ విషయంలో ఫోన్లు ధ్వంసం చేయించడం, సాక్షుల్ని లోబరుచుకోవడం జరిగిందనడానికి బలమైన ఆధారం ఉందని 2019 జూన్‌లో అక్కడి హైకోర్టు అంది. దానికి తోడు వనువాటు అనే చిన్న ద్వీప దేశం పౌరసత్వం కోసం ప్రయత్నించాడన్న సంగతి బయటపడింది. కోర్టు కళ్ళకు అది సర్దుకున్న సూట్‌కేసులా కనపడింది. బ్రిటన్‌లో 1976 నాటి బెయిలు చట్టం ప్రకారం, శిక్ష పడకుండా కేవలం ఆరోపణ మీద అప్పగింత అడిగితే బెయిలు ఇవ్వడమే మొదటి మాట, ఇవ్వకపోతే కారణం చెప్పాలి. ఆ కారణాన్ని నీరవ్ తన చేతులతో తానే అందించాడు. మాల్యా సంగతి ఇంకో తమాషా, అతని కోర్టు దారులు 2020 మేలోనే మూసుకుపోయాయి, అయినా ఇంకా అక్కడే ఉన్నాడు, అది బెయిలు పుణ్యం కాదు, వేరే కథ.

అమెరికాలో ఇది తలకిందులు. అక్కడ మామూలు నిందితుడికి ఉండే బెయిలు చట్టం అప్పగింత కేసులకు వర్తించదు. 1903లో వాళ్ళ సుప్రీంకోర్టు ఒక మాట అంది, వేరే దేశానికి మాట ఇచ్చాం, మనిషి చేజారితే మన పరువు పోతుంది, కాబట్టి ప్రత్యేక పరిస్థితులుంటే తప్ప బెయిలు వద్దని. 120 ఏళ్ళు దాటినా అక్కడ ఇంకా అదే గీత. 26/11 కేసులో మనం అడిగిన తహవ్వుర్ రాణా 2020 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో అరెస్టయ్యాడు, బెయిలు దొరకలేదు, ఒక కోర్టు తర్వాత ఇంకో కోర్టు ఎక్కుతూ దాదాపు 5 ఏళ్ళు లోపలే గడిపి 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలో దిగాడు. రాణా లాంటి కేసులో బెయిలివ్వలేదని నాకేమీ బాధ లేదు, కానీ అదే రూలు ఒక చిన్న చెక్కు కేసు మీద కూడా అలాగే పడుతుంది, అదీ నా అభ్యంతరం. మన 25వ సెక్షన్ ఈ విషయంలో అమెరికా కంటే మేలైనది, రాసినవాళ్ళకు దండం పెట్టాలి. అమలు చేసేవాళ్ళకు అప్పుడప్పుడు గుర్తుచేయాలి.

ప్రశ్న: మా అన్నని ఆంధ్రా పోలీసులు రాత్రి వచ్చి తీసుకుపోయారు. ఒడిశావాణ్ణి వేరే రాష్ట్రం పోలీసులు పట్టుకెళ్ళడం అప్పగింత కిందకు రాదా? 25వ సెక్షన్ బెయిలు మాకూ వస్తుందా?
ఒక తమ్ముడు, పర్లాకిమిడి దగ్గర పల్లె

జవాబు: రాదు బాబూ. అప్పగింత అంటే దేశానికీ దేశానికీ మధ్య. మహేంద్రతనయ దాటి పాతపట్నం వెళ్ళడం విదేశయాత్ర కాదు, 1936 ఏప్రిల్ 1న గీత గీసేదాకా మనమంతా ఒకే గంజాం జిల్లా, ఇప్పటికీ పెళ్ళిపిలుపులు రెండు వైపులా పంచుకుంటున్నాం. అయితే రాష్ట్రం సరిహద్దుకి కూడా చట్టంలో కొంత విలువ ఉంది, మీ అన్న విషయంలో దాన్ని పాటించారో లేదో చూడాలి.

వారెంటు మీద వేరే జిల్లాలో అరెస్టు చేస్తే దగ్గర్లోని మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. దీనికి ఒక మినహాయింపు ఉంది, మన సరిహద్దు జనం తెలుసుకోవలసిందే అది. వారెంటు ఇచ్చిన కోర్టు అరెస్టు చేసిన చోటుకి 30 కిలోమీటర్ల లోపుంటే నేరుగా అక్కడికే తీసుకెళ్ళవచ్చు. కాబట్టి వారెంటు నది అవతల ఉన్న కోర్టుదైతే వాళ్ళు ఇక్కడ ఆగక్కర్లేదు, శ్రీకాకుళం కోర్టుదైతే ఆగాలి. ఇక్కడ మేజిస్ట్రేటు ముందు పెట్టినప్పుడు కేసు బెయిలబుల్ అయితే ఇక్కడే పూచీ తీసుకుని వదలవచ్చు, నాన్ బెయిలబుల్ అయితే చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు గానీ సెషన్స్ జడ్జి గానీ బెయిలు పరిశీలించవచ్చు. వారెంటు లేకుండా పట్టుకుంటే ప్రయాణం పోను 24 గంటల్లో కోర్టుకి చూపించాలి, దూరం తీసుకెళ్ళాలంటే ఇక్కడి కోర్టులో ట్రాన్సిట్ రిమాండ్, అంటే దారిలో కస్టడీలో ఉంచుకుని తీసుకెళ్ళే అనుమతి, తీసుకోవాలి. ఎక్కువమంది ఈ ట్రాన్సిట్ రిమాండ్‌నే అప్పగింత అనుకుంటారు.

ఇంకా అరెస్టు కాకుండా ఉన్నవాళ్ళకు ఒక మాట. కేసు అవతలి రాష్ట్రంలో నమోదైనా, అక్కడి కోర్టుకి చేరేదాకా కొద్ది రోజుల రక్షణగా ముందస్తు బెయిలు ఇక్కడి సెషన్స్ కోర్టు గానీ కటక్ హైకోర్టు గానీ ఇవ్వవచ్చని 2023 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎందుకు ఇక్కడ అడుగుతున్నారో సరైన కారణం చూపించాలి. పెళ్ళి ఉంది, పంట ఉంది అంటే చాలదు.

ప్రశ్న: దుబాయ్‌లో ఉన్నప్పుడు గ్యారంటీగా ఇచ్చిన చెక్కు బౌన్సయింది. నేను బరంపురం వచ్చేసి 3 ఏళ్ళయింది. నన్ను కూడా అలా పట్టుకెళ్తారేమోనని నిద్ర లేదు, ఒకటే టెన్షన్.
పేరు వద్దు, బరంపురం

జవాబు: పడుకోండి. దుబాయ్ ఉన్న దేశం యూఏఈతో 1999లో చేసుకున్న ఒప్పందంలో, సొంత పౌరుణ్ణి అప్పగించకుండా రెండు చోట్లా నేరమైన పని అయితే తన దేశంలోనే విచారించాలన్న ఏర్పాటు ఉంది. మీరు భారత పౌరులే కాబట్టి మిమ్మల్ని విమానం ఎక్కించే మాట దాదాపు లేనట్టే. పైగా ఖాతాలో డబ్బు చాలక చెక్కు తిరిగొస్తే క్రిమినల్ కేసు చేసే పద్ధతిని వాళ్ళు 2022 జనవరి నుంచి చాలావరకు తీసేశారు.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. యూఏఈ సివిల్ కోర్టులు డబ్బు కట్టమని ఇచ్చే తీర్పులను, అంటే డిక్రీలను, ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించుకునే వీలు 2020 జనవరిలో మన కేంద్రం ఇచ్చింది. అవతలివాళ్ళు డిక్రీ తెచ్చుకుంటే మీ ఇల్లు జప్తుకి రావచ్చు, అందుకని అక్కడి కేసులో మీ తరఫున ఎవరైనా నిలబడ్డారా లేదా అన్నది ఈ వారమే కనుక్కోండి. చౌక అని దుబాయ్ మీదుగా విమానం మారే టికెట్ మాత్రం కొనకండి. మీ భయం అక్కడ నిజం కావచ్చు.

ప్రశ్న: మీ కాలమ్ చూస్తుంటే పారిపోయేవాళ్ళకు దారి చూపిస్తున్నట్టుంది. వేరే దేశం అడిగినవాణ్ణి బయట వదిలితే వాడు దొరుకుతాడా? అప్పుడు మన ఎగవేతదారుల్ని వాళ్ళెందుకు ఇస్తారు?
రిటైర్డ్ మాస్టారు, జయపురం

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ రెండో ప్రశ్న నిజంగా బరువైనది, దాన్ని తేలిగ్గా తీసేయను. బెయిలిస్తే పారిపోయినవాళ్ళు ఉన్నారు. అమెరికా రహస్య పత్రాలు బయటపెట్టిన వికీలీక్స్ అసాంజ్‌కి 2010 డిసెంబరులో లండన్‌లో బెయిలు దొరికింది, స్వీడన్‌కు పంపకుండా ఆపుకోలేక 2012 జూన్‌లో ఈక్వడార్ ఎంబసీలోకి దూరాడు, 7 ఏళ్ళు బయటికి రాలేదు. దాని ఫలితం కూడా చూడండి. 2019లో పట్టుబడ్డాక బెయిలు తప్పినందుకే 50 వారాల శిక్ష పడింది. 2021 జనవరి 4న, అమెరికాకు పంపవద్దని తీర్పిచ్చి అతన్ని గెలిపించిన న్యాయమూర్తే రెండు రోజులకు బెయిలు ఇవ్వనన్నారు. అమెరికా అప్పీలు చేస్తోంది, ఈయన ఒకసారి మాట తప్పాడు, అంతే. 2024 జూన్ దాకా లండన్‌లోని బెల్‌మార్ష్ జైల్లోనే ఉన్నాడు.

రెండో రకం మనిషి కూడా ఉంది. చైనా ఫోన్ల కంపెనీ హువావే అధికారిణి మెంగ్‌ను అమెరికా అడిగితే 2018 డిసెంబరు 1న కెనడాలో పట్టుకున్నారు, 10 రోజుల్లో బెయిలిచ్చారు. కోటి కెనడా డాలర్ల పూచీ, కాలికి జీపీఎస్ పట్టీ, రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా ఇల్లు దాటకూడదు, కాపలా మనుషుల జీతం కూడా ఆవిడే ఇచ్చుకోవాలి. చైనాలో అంత పలుకుబడి ఉన్న మనిషి, దాదాపు 3 ఏళ్ళు ప్రతి వాయిదాకీ ఆ కాలి పట్టీతోనే కోర్టు మెట్లెక్కింది, 2021 సెప్టెంబరులో కేసు సర్దుబాటయ్యాకే దేశం వదిలింది. డబ్బున్నవాళ్ళకే ఇది సాధ్యమని మీరంటారు. ఆ మాట నిజం, నాకూ అదే నచ్చదు. కానీ దానికి మందు పేదవాడికి కూడా ఆ పట్టీ లాంటిదేదో ఇవ్వడం, అందర్నీ లోపల పెట్టడం కాదు. అవతలి దేశం మనల్ని చూస్తుందంటారా, చూడనివ్వండి. లండన్ కోర్టుల్లో మన కేసులు వచ్చిన ప్రతిసారీ వాళ్ళు మన జైళ్ళ గదుల కొలతలు, గాలి, వెలుతురు అడుగుతున్నారు. విచారణ లేకుండా ఎన్నాళ్ళు లోపల పెడతామన్నది కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ప్రశ్న: నేను ఆ పర్లాకిమిడి అబ్బాయి తల్లిని. కూతురు రాసిన ఉత్తరంలో ఇది రాయలేదు. వచ్చే వారం వాడిని చూడడానికి వెళ్తున్నాం. అరిసెలు పట్టుకెళ్ళొచ్చా?

జవాబు: అమ్మా, ఇంటి వంటను కోర్టు ఉత్తర్వు లేకుండా లోపలికి పోనివ్వరు, గేటు దగ్గర తిప్పి పంపితే మీ మనసు కష్టపడుతుంది, కాబట్టి చేయకండి. బదులుగా జైల్లో అతని పేరు మీదుండే ఖాతాలో కొంత డబ్బు వేయండి, క్యాంటీన్‌లో టీ, బిస్కెట్లు కొనుక్కుంటాడు. ములాకాత్‌కి, అంటే జైల్లో కలుసుకోవడానికి, ముందే పేరు రాయించుకోవాలి, అమ్మాయిని చూడమనండి, మీ ఆధార్ అసలు కార్డు వెంట ఉండాలి. వీడియోలో మాట్లాడే ఏర్పాటు కూడా ఉంది, ప్రతిసారీ అంత దూరం వెళ్ళక్కర్లేదు. విచారణ ఖైదీలు సొంత బట్టలే వేసుకుంటారు, కాబట్టి రెండు స్వెటర్లు, ఉన్ని సాక్సులు పట్టుకెళ్ళండి, ఢిల్లీ చలి మన మహేంద్రగిరి చలి లాంటిది కాదు.